ముప్పావు సేరు తరుగు

1943 చలికాలంలో, మహబూబ్‌నగర్‌లోని ఒక ఇంగ్లీషు దొరల బంగ్లాలో బేకన్ పని నాకు అప్పగించారు. పంది పొట్టమాంసానికి ఉప్పు, బెల్లం రుద్ది వారం ఊరబెట్టి, మామిడికట్టె పొగలో ఆరబెడితే బేకన్. వంటింట్లో దొరమ్మ తర్వాత బట్లరు రాజన్న, ఆయన కింద నేను. నా పెనిమిటి జ్వరంతో మంచాన ఉన్నాడు. మేముండే అర్ర బంగ్లాదే. పని పోతే అదీ పోతుంది.

మొదటి ముక్క అయిదు సేర్లు. పొగ నుంచి దించి తూస్తే నాలుగే.

"సేరు మాంసం ఏడికి పోయిందే మరియమ్మా? ఉప్పులకెల్లి లేచి నడిచిపోయిందా?" అన్నాడు రాజన్న.

"నీళ్లై పోయింది రాజన్నా."

"మాంసం నీళ్లైతదా? గీ మాట ఇంకెవలకన్న చెప్పు."

తప్పు నాదే. ఉప్పు పడ్డ మాంసం ఊట వదులుతుంది. ఇంట్లో ఒరుగులకు చేసినట్టే రోజూ పొద్దున ఆ ఊట పారబోసి పళ్లెం కడిగాను. చూపించడానికి చుక్క లేదు.

దొరమ్మ అయిదు సేర్లదే ఇంకో ముక్క తెప్పించింది. ఎంత తగ్గుతుందో ఇప్పుడే చెప్పమంది. మాంసం ఉంచే గది తాళంచెవి తన దగ్గరే ఉంటుందని, లెక్క తప్పితే అర్ర ఖాళీ చేయాలని చెప్పింది.

మళ్లీ సేరు అనబోయి ముక్కను చూశాను. మొదటిది ఎర్రటి కండ. ఇది సగానికి పైగా తెల్ల కొవ్వు. నీళ్లుండేది కండలో, కొవ్వులో తక్కువ.

"ముప్పావు సేరు," అన్నాను.

"మొన్న సేరు, ఇయ్యాల ముప్పావా? నీ మాటకు గూడ తరుగొచ్చింది గదనే!" రాజన్న నవ్వాడు.

పొగ పెట్టిన రెండో రోజు మబ్బు పట్టింది. గాలి చెమ్మగా ఉంటే మాంసం ఆరదు, ఆరకపోతే తగ్గదు. నిప్పు పెంచుదామంటే కొవ్వు కరిగి కారుతుంది. దొరమ్మ పక్కన నిలబడితేనే లోపలికి పోయి, మాంసాన్ని వేలితో నొక్కి వచ్చేదాన్ని. మెత్తగానే తగిలేది.

తూకంనాడు తక్కెడ రాజన్నే పట్టాడు. నాలుగుంపావు సేర్ల రాళ్లు వేశాడు. మాంసం పళ్లెం కిందికే నిలిచింది. ఇంకో ఛటాకు, అంటే సేరులో పదహారో వంతు రాయి వేస్తే సమమైంది. దొరమ్మ చాలంది.

రాజన్న రాళ్లు తీస్తూ, "ఇంకో పూట పొగల ఉంటే గా ఛటాకు గూడ పోతుండె," అన్నాడు.

ఆ తర్వాత ఏ ముక్కకైనా ఉప్పు అంటించే ముందే ఎంత తగ్గుతుందో చెప్పి, గోడ మీద రాజన్న చేతనే బొగ్గుతో రాయించాను. తరుగు ముందు చెబితే పనితనం. తూచాక చెబితే సాకు.