కాటాగారి కోతమిల్లు

కనిపించిన ప్రతిదాని మీదా రసమట్టం పెట్టి చూసే మనిషి ఒక్క నిచ్చెన మీద మాత్రం ఎందుకు పెట్టలేదు? ఈ ప్రశ్న నాతోపాటే ముసలిదైపోయింది. జవాబు మాత్రం ఇంకా దొరకలేదు.

ఆ మనిషి మా బావ, మా అక్క భర్త. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. వీధిలో అందరూ ఆయన్ని కాటాగారనేవారు. ఎదురుగా అన్నా ఏమీ అనుకునేవాడు కాదు; అదేదో బిరుదు అనుకునేవాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గాని ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. జేబులో టేపు, సంచీలో రసమట్టం ఎప్పుడూ ఉండాల్సిందే. రసమట్టమంటే తాపీమేస్త్రీలు గోడ మీద పెట్టి చూసుకునేదే, గాజుగొట్టంలో పచ్చటి నీళ్ళూ, నీళ్ళ మధ్య ఒక బుడగా. ఎవరింటికి వెళ్ళినా కూర్చోబోయే ముందు దాన్ని కుర్చీ మీద పెట్టేవాడు. బుడగ పక్కకి జరిగితే ఆ ఇంటాయన వైపు జాలిగా చూసి, అప్పుడు కూర్చునేవాడు. గోడకి ఫొటో తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి, తృప్తిగా చూసుకునే భాగ్యం మా అక్కకి పెళ్ళయ్యాక ఒక్కసారి కూడా కలగలేదు.

నేను వాళ్ళ మేడ మీది గదిలో ఉండేవాణ్ణి. చేరిన మొదటి వారంలోనే వచ్చి నా పుస్తకాల బీరువా కింద అట్టముక్కలు దోపి, "ఇప్పుడు చదువుకోవోయ్ బామ్మర్దీ" అన్నాడు. అంతవరకూ నేను చదివిందంతా ఒరిగిపోయిన చదువేనన్నట్టు.

బావకి ఒక అన్న ఉన్నాడు, ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసినవాడు. మందు కలపడంలో చుక్క తేడా రానివ్వడని పేరు. ఇల్లు పంచుకునేటప్పుడు మధ్యగోడ ఎక్కడ కట్టాలన్న దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. బావ టేపుతో కొలిచాడు. కాంపౌండరు వాళ్ళ నాన్న వాడిన పురికొసతో కొలిచాడు. రెండింటికీ బెత్తెడు తేడా వచ్చింది. గోడ ఎలాగో లేచింది, మాటలు మాత్రం పడిపోయాయి.

అన్నీ పంచుకున్నారు గాని చెక్కనిచ్చెన దగ్గర చిక్కొచ్చింది. నిలువునా కోస్తే అది నిచ్చెన కాదు, అడ్డంగా కోస్తే ఇద్దరూ అటకదాకా ఎక్కలేరు. అంచేత ఉమ్మడిగా ఉంచేశారు. రెండిళ్ళ వెనకా సాగే పెరటి సందులో పొడుగాటి గోడ ఒకటి సగం వీళ్ళదీ సగం వాళ్ళదీ. ఎవరి సగంలో వాళ్ళు ఒక్కో ఇనపకమ్మీ దిగ్గొట్టి, ముందుకు పొడుచుకొచ్చిన ఆ రెండు కమ్మీల మీదా నిచ్చెనని పడుకోబెట్టారు. ఒకరు కమ్మీ కొడుతున్నప్పుడు రెండోవారు అటు తిరిగి కూడా చూడలేదు. క్రమంగా నిచ్చెన మీదికి రెండిళ్ళ పాత సామానూ చేరింది, చిల్లు బకెట్లూ, గొడుగు ఊచలూ, పారెయ్యమని ఎవరూ అనలేని ఒక పరుపూ. వానకి తడుస్తూ, ఎండకి ఎండుతూ ఆ బరువు కింద అది ఏళ్ళ తరబడి పడి ఉంది.

దాన్ని తీయాలంటే ఒక కట్టుబాటు ఉండేది. తీసేవాడు గోడ అవతలికి వినపడేలా "నిచ్చెన తీస్తున్నా" అనాలి. అవతలివాడు "ఊఁ, తీస్కో" అనాలి. అన్నదమ్ముల మధ్య మిగిలిన మాటలు అవే. అన్న మీద బెంగ పుట్టినప్పుడల్లా మీ బావకి బల్బు మార్చాలనిపిస్తుందని అక్క నాతో అనేది. నిజమే, వెలుగుతున్న బల్బులు కూడా మార్చేవాడు.

నిచ్చెన వేసినప్పుడు ఎడమకాలి కింద రాయి పెట్టాలి. ఇది వీధివీధంతటికీ తెలిసిన సంగతి. అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు రాయిని కూడా చంకన పెట్టుకుని వెళ్ళేవారు. మీ ఇంటి నేల ఎగుడుదిగుడండీ అని బావ ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. వాళ్ళూ సిగ్గుపడి తలూపేవారు. ఇన్ని ఇళ్ళల్లో నేల సరిగ్గా ఎడమకాలి దగ్గరే పల్లంగా ఉండడం ఎవరికీ వింతగా తోచలేదు.

ఒక ఏడు గాలివానకి పెరటి చివరి చెట్టు కూలింది. సగం ఇటూ సగం అటూ పడింది. బాగా చేవ ఉన్న చెట్టు. అక్కా, ఆవిడ తోడికోడలూ గోడకి చెరోవైపూ నిలబడి రోజూ మాట్లాడుకునేవాళ్ళే, మొగుళ్ళ పేచీ వాళ్ళనెప్పుడూ అంటుకోలేదు. వాళ్ళిద్దరూ ఏం మంతనాలాడారో గాని, కాంపౌండరుగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. దుంగంతా తమ్ముణ్ణే తీసుకోమన్నాడు. రెండిళ్ళవాళ్ళూ పట్టే భోజనాల బల్ల చేయించమన్నాడు. బల్ల అయ్యాక పిలిస్తే వచ్చి కూర్చుంటానన్నాడు.

అక్క ఈ కబురు చెబుతున్నప్పుడు బావ తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తువ్వాలు తీశాక, "పలక మందం ఎంతుండాలన్నాడు?" అని మాత్రం అడిగాడు.

ఊళ్ళో కోతమిల్లు లేకపోలేదు. కాని వాళ్ళు సాగిపోయిన టేపుతో కొలుస్తుండగా బావ తన సర్వీసులో ఒకసారి పట్టుకున్నాడు. అలాంటివాళ్ళ చేతికి మా అన్నదమ్ముల బల్ల అప్పగిస్తానా అని, మిల్లు తనే తయారుచేస్తానన్నాడు. చెట్లు కొట్టే అతని దగ్గర పెట్రోలుతో నడిచే గొలుసురంపం అడిగి తెచ్చాడు. చట్రానికి ఇనుము కావాలి. మేడ మీదికొచ్చి, నేను పడుకుని చదువుకుంటున్న ఇనపమంచం వైపు ప్రేమగా చూశాడు. నేను లేచేలోపే కొలతలు అయిపోయాయి. నేల మట్టంగానే ఉంది, హాయిగా పడుకోవచ్చని భరోసా కూడా ఇచ్చాడు.

వెల్డింగు షాపాయన నా మంచాన్ని కోసి చట్రం చేసిచ్చాడు. అది పనిచేసే తీరు తేలికే. రంపాన్ని పక్కకి పడుకోబెట్టి, గొలుసు తిరిగే పొడుగాటి బద్దని చట్రానికి బిగిస్తారు. చట్రం పైన జారుతూ పోతుంటే, కావలసిన మందం కింద గొలుసు దుంగని కోసుకుంటూ పోతుంది. పైన దారి ఎలా ఉంటే కింద కోత అలా పడుతుంది. దుంగ గుండ్రం కాబట్టి మొదటి కోతకి చదునైన దారి ఏదో ఒకటి దాని నెత్తిన బిగించాలి. ఆ తర్వాత దిగుల్లేదు. రెండో కోతకి మొదటిదే దారి, మూడోదానికి రెండోది. మొదటివాడు సరిగ్గా ఉంటే వంశమంతా సరిగ్గా ఉంటుందని బావ వీధివాళ్ళకి ఉపన్యాసమిచ్చాడు.

దారికి ఇనప గొట్టాలు తెమ్మన్నాడు బల్ల చేయబోయే వడ్రంగి మేస్త్రీ. బావ ఒప్పుకోలేదు. ఉమ్మడి చెట్టుకి ఉమ్మడి నిచ్చెనే ఉండాలన్నాడు. గోడ దగ్గరికి వెళ్ళి, గొంతు సవరించుకుని, "నిచ్చెన తీస్తున్నా" అన్నాడు.

"ఊఁ, తీస్కో." కాస్త ఆగి, ఎన్నడూ లేనిది, అవతల్నుంచి ఇంకో మాట వచ్చింది. "రాయి మర్చిపోకు."

ఆ ఎక్కువ మాటకి బావ కరిగిపోయాడు. దుంగ మీద పడుకోబోయే నిచ్చెనకి రాయితో పనేముంది? అయినా దాన్ని మోసుకొచ్చి, తుడిచి, వరండాలో జాగ్రత్తగా పెట్టాడు.

ఆ ఉదయం నేను మేడ కిటికీలోంచి చూస్తున్నాను. దుంగ మీద రసమట్టం పెట్టాడు. చట్రం మీద పెట్టాడు. రంపం మీద, పెట్రోలు డబ్బా మీద కూడా పెట్టాడు. నిచ్చెనని దుంగ నెత్తిన బిగించాక మాత్రం రసమట్టాన్ని ఒకసారి చేతిలో అటూ ఇటూ తిప్పి, తువ్వాలుతో తుడిచి, సంచీలో పెట్టేశాడు. తర్వాత చెవుల్లో దూది పెట్టుకుని రంపం తాడు లాగాడు.

ఆ మోత చెప్పతరం కాదు. పొట్టు మాత్రం ఏ పేచీ లేకుండా రెండిళ్ళ మీదా సమానంగా పడింది. పలకలు ఒక్కొక్కటే దిగాయి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే మధ్యలో కాగితం కూడా దూరలేదు. మిల్లువాళ్ళ తాత దిగొచ్చినా ఇలా కోయలేడని వీధంతా అంది. అన్నిట్లోకీ ఒక్కటి తేడాగా ఉంటే గదా కంటికి కనిపించేది.

మధ్యమధ్య పుల్లలు పెట్టి పేర్చి, నీడన ఆరబెట్టి, పలకలు ఆరాక వడ్రంగి మేస్త్రీని పిలిచారు. ఆయన మొదటి పలక ఎత్తి, ఒక కన్ను మూసి అంచు వెంబడి చూశాడు. పక్కనే టేపుతో నిలబడ్డ బావని చూసి నోరు కూడా మూసుకున్నాడు. ఎలా ఉన్నాయని బావ అడిగితే, "అన్నీ ఒకే తీరుగా ఉన్నాయండీ" అన్నాడు. అందులో అబద్ధం ఏమీ లేదు.

పిలవాల్సిన రోజు వచ్చింది. బావ గోడ దగ్గర నిలబడ్డాడు. అన్నతో ఆయనకి అలవాటైన వాక్యం ఒక్కటే, అది ఇక్కడ పనికిరాదు. చివరికి "బల్ల అయింది" అన్నాడు. అవతల్నుంచి "వస్తున్నా" అని వినిపించింది.

కాంపౌండరుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్యని వెంటబెట్టుకుని, వీధిలోంచి చుట్టు తిరిగి, ముందు గేటులోంచి వచ్చాడు. బల్లకి ఒక మూల ఆయన, ఎదురు మూల బావ, మధ్యలో మేమూ కూర్చున్నాం. ఆయన మోచెయ్యి ఆనించగానే బావ మూల పైకి లేచింది. బావ కంచం మీదికి వంగగానే ఆయన మూల లేచింది. అలా అన్నదమ్ములిద్దరూ తక్కెడలో సిబ్బెల్లా కాసేపు లేస్తూ దిగుతూ తిన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. గ్లాసు ఒలికి, నీళ్ళు బల్లంతా వదిలేసి, తిన్నగా కాంపౌండరుగారి ఒళ్ళోకి ప్రయాణం కట్టాయి. ఆయన మర్యాదగా చొక్కా దులుపుకున్నాడు.

అక్క లేచింది. ఏమీ ఆలోచించినట్టు లేదు, చేతికి అలవాటైన పని. వరండాలోంచి రాయి తెచ్చి బల్ల ఎడమకాలి కిందికి కాలితో నెట్టింది. బల్ల కుదురుగా నిలబడింది. తినేవాళ్ళందరి చేతులూ ఆగిపోయాయి.

కాంపౌండరుగారు వంగి చూశాడు. "ఇది నిచ్చెన రాయి కదమ్మా."

"అవును బావగారూ" అంది అక్క నెమ్మదిగా.

"నీ కమ్మీ కిందికి వాలింది" అన్నాడు బావ, కంచంలోకి చూస్తూ.

"నీది పైకి లేచింది."

"నేను మట్టం చూసే కొట్టాను."

"నేనూ చూసే కొట్టాను."

ఇద్దరూ ఒకే సంగతి చెబుతున్నారని, పైగా ఇన్నేళ్ళకి ఎదురెదురుగా మాట్లాడుకుంటున్నారని మాకందరికీ తెలుస్తూనే ఉంది. తోడికోడలు అన్నం వడ్డించబోయి ఆగింది. కాంపౌండరుగారు గొంతు తగ్గించాడు.

"ఒరే, నిచ్చెన మెలిపడిందని నాకెప్పుడో తెలుసురా. చెబితే నువ్వు కొత్తది కొనుక్కుంటావు. దానికి నన్ను అడిగే పనుండదు కదా."

బావ ఎంగిలిచేత్తోనే లేచి పెరట్లోకి వెళ్ళాడు. సందులో బకెట్లు దొర్లిన చప్పుడైంది, పరుపు ధబ్బున పడింది. మేమందరం ఆ ఒక్క మాట కోసం చెవులొగ్గి కూర్చున్నాం. కాంపౌండరుగారైతే "తీస్కో" అనడానికి సిద్ధంగా నోరు కొద్దిగా తెరిచే ఉంచాడు. రాయి పెట్టినా ఒరిగే ఉన్న మూలన బావ కంచం మెల్లగా జారుతుంటే ఎడంచేత్తో ఆపి పట్టుకున్నాడు.

కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. బావ నిచ్చెనని భుజానికెత్తుకుని, "నిచ్చెన తీస్తున్నా" అనకుండానే గేటు దాటి వెళ్ళిపోయాడు.