అతిథి తలకు మేకపోతు గడ్డం

“కంపంటావేంటి బాబూ? ముందు వాడి గడ్డం వాసన చూడు, తర్వాత నీ గడ్డం చూసుకో. ఎవరు దూరంగా కూర్చోవాలో అప్పుడు తేల్చుకుందాం.”

హొగ్లా ఆ మాట అంటూనే మేకపోతు మెడను మోకాళ్ల మధ్య ఇరికించి, చెక్కదువ్వెనతో దాని గడ్డం దువ్వసాగింది. దారిన పోతూ ఆమె వాకిట్లో ఆగిన నేను వంగి వాసన చూశాను. ఎండకు కాగిన కొండవాలు మొత్తం ఆ గడ్డంలో ఉంది. ఇక నా గడ్డం సంగతి ఎత్తలేదు.

ఎండలు ముదిరితే గిలాదు కొండల మీద బంకపొదల ఆకులకు జిగురు ఊరుతుంది. చేత్తో గీకితే వచ్చేది గోరంత. మేకలు ఆ పొదల్లో మూతిపెట్టి మేస్తే గడ్డాలకు పట్టుకుని వస్తుంది. దాన్ని దువ్వి తీసి, నూనెలో కాచి, వెంట్రుకలు వడగట్టి, తలకూ గడ్డానికీ రాసుకునే సువాసన లేపనం చేస్తారు. భర్త పోయాక హొగ్లాకు అదే బతుకుతెరువు. ఊళ్లో మేకలకేం కొదవ లేదు గానీ, మోకాళ్లదాకా గడ్డమున్నది ఈ పోతుకే. పై వాలుకు ముందు ఎక్కేదీ ఇదే. ఇది లేకపోతే ఆమె జాడీలు ఖాళీ. మొగుడి తల కూడా ఇంత ఓపిగ్గా దువ్వలేదని ఆడవాళ్లు దెప్పితే, ఆయన ఇంత కుదురుగా నిలబడేవాడు కాదంటుంది.

అలాంటి మేకపోతుకు నిరుడు ద్రాక్షపళ్ల కాలంలో గండం వచ్చింది. యెరూషలేము నుంచి మల్లూకు అనే వర్తకుడు వచ్చి ఊరిపెద్ద జిక్రీ ఇంట్లో దిగాడు. అతిథి వచ్చాడంటే పోతు తెగాలి. జిక్రీ మందలో పాలిచ్చే మేకలూ పసికూనలూ తప్ప ఏమీ లేవు. తనే నడిచొచ్చి, ఊరి పరువు నీ చేతుల్లో ఉంది వదినా అన్నాడు. అతిథి కోసమని అడిగాక లేదంటే ఆ తర్వాత ఆమె గడప ఎవరూ తొక్కరు. హొగ్లా లేదనలేదు. పోతును తనే తోలుకొస్తానంది. అతిథి తలకు లేపనం మాత్రం తన చేత్తో రాస్తానంది. జిక్రీ పొంగిపోయాడు.

మల్లూకుది బట్టతల, ఆ లోటు తీర్చేంత గడ్డం. హొగ్లా రెండింటికీ తీరిగ్గా పట్టించింది. ఆయన కళ్లు మూసుకుని, ఇంత పరిమళం తన దుకాణంలో కూడా లేదన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

“జుట్టు మొలుస్తుందా తల్లీ?”

“అంత మాట నేనెలా చెప్పనయ్యా? ఇది రోజూ పట్టించుకునేవాడు ఒకడున్నాడు, గడ్డం మోకాళ్లదాకా ఉంది. మీరే చూసుకోండి.”

ఆ మనిషిని చూపించమన్నాడు మల్లూకు. ఆమె వాకిట్లోకి వెళ్లి మేకపోతును లోపలికి తెచ్చింది. అది నేరుగా ఆయన దగ్గరకు పోయి గడ్డం వాసన చూసి, తన వాళ్లెవరో అనుకుందేమో, బట్టతల నాకడం మొదలెట్టింది. జిక్రీ చూపు నేలలో దిగబడింది.

“వాడి గడ్డంలోదే ఇప్పుడు మీ గడ్డంలో ఉందయ్యా,” అంది హొగ్లా వినయంగా. “కాసేపట్లో వాడు మీ పళ్లెంలోకీ వస్తాడు.”

మల్లూకు మేక వంక చూశాడు. తన గడ్డం చేతిలోకి తీసుకుని వాసన చూశాడు.

“నా వాసనే వస్తుంటే వీణ్ణెట్లా తింటానమ్మా? పప్పు ఉంటే అదే పెట్టించండి.”

అతిథి నోరు తెరిచి కోరాక కాదనేదెవరు? ఆ పూట జిక్రీ కూడా పప్పే తిన్నాడు. మళ్లీ ఆయన నోటి వెంట వదినా అన్న పిలుపు రావడానికి చాలాకాలం పట్టింది.

ఇదంతా విని, మల్లూకుకు జుట్టు మొలిచిందా అని అడిగాను. హొగ్లా దువ్వెనకు చుట్టుకున్న జిగురును వేలితో లాగి ఉండ చేసింది.

“నాకేం తెలుసు బాబూ, వాడికైతే మొలుస్తూనే ఉంది. అది సరే, రేపు ఉప్పు సముద్రం వైపు దిగుతున్నావుగా? వచ్చేటప్పుడు ఓ ఉప్పుగడ్డ పట్టుకురా, తెల్లటిది చూసి. వీడు నాకుతాడు. నాకోసమైతే అడిగేదాన్నే కాదు.”