కరుణమ్మ ముఖం

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. అన్నం తింటాను, పని చేస్తాను, నలుగురి ముందు నిలబడి మాట్లాడతాను. అది మాత్రం కదలదు. ఇవాళ మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

నేను డాక్యుమెంటరీలు తీస్తాను. విజయవాడలో మాది చిన్న కంపెనీ. అప్పట్లో నేనూ, ఎడిటింగ్ చేసే ప్రసాదూ, పనిబడితే వచ్చే ఒక కెమెరామనూ. ఎవరూ చూడని బతుకుల్ని చూపించాలన్నది మా పట్టుదల. ఆ పట్టుదల మీద నాకు గర్వం ఉండేది. చాలా గర్వం.

జగ్గయ్యపేట దగ్గర ఒక పత్తిమిల్లులో ఆడవాళ్ల మీద సూపర్‌వైజరు చేతులు వేస్తాడని అందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పరు. నెలరోజులు వాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగితే చివరికి కరుణమ్మ ఒప్పుకుంది. నలభై దాటిన మనిషి. భర్త లారీ డ్రైవరు, పది పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. కూతురు నందిగామలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. కరుణమ్మ అడిగింది ఒక్కటే, ముఖం కనపడకూడదని. భర్తకు ఈ సంగతులేవీ తెలియవు. కనపడదని మాటిచ్చాను. పూచీ నాదన్నాను.

మాట్లాడుతున్నంతసేపూ కనుబొమ్మల్లో చిక్కుకున్న పత్తి నూగు తీసుకుంటూనే ఉంది. చివర్లో ఆగి, కెమెరాలోకి సూటిగా చూసి, నవ్వబోయి మానేసింది. అంత నిజమైన ముఖం నేను ఎప్పుడూ తీయలేదు.

ప్రసాదు ఆ ముఖాన్ని మసకచేసి చూపించాడు. సినిమా చచ్చిపోయినట్టనిపించింది. మసక తీసెయ్యమన్నాను. మాటిచ్చాం గదా మేడం అన్నాడు. ఇది ఎక్కడో బయటిదేశం ఫిల్మ్ ఫెస్టివల్లో ఆడేది, జగ్గయ్యపేటలో ఎవరు చూస్తారన్నాను. అతను ఇంకోసారి అడ్డుచెప్పాడు. నేను గొంతు పెంచాను. తీసేశాడు.

ఎవరూ చూడరని నిజంగా నమ్మానా? లేదు. ఎవరైనా అడిగితే చెప్పడానికి తయారుచేసుకున్న జవాబు అది. కరుణమ్మకు ఫోన్ చేసి ఇంకోసారి అడిగి ఉండొచ్చు, ఒక్క నిమిషం పని. వద్దంటుందని తెలుసు. అందుకే అడగలేదు.

సినిమాకు అక్కడ బహుమతి వచ్చింది. ఆ తరవాత ఎవరో అందులోంచి రెండు నిమిషాల ముక్క కోసి ఫోన్లలో వదిలారు. వారం తిరక్కుండా జగ్గయ్యపేట చేరింది. మిల్లువాళ్లు కరుణమ్మను రేపట్నించి రావద్దన్నారు. సూపర్‌వైజరు ఉద్యోగం మాత్రం పోలేదు. ఆమె మాట్లాడాక తామూ ఫిర్యాదు చేస్తామన్న ఆడవాళ్లు వెనక్కి తగ్గారు. గరికపాడు ధాబాలో తోటి డ్రైవర్లు ఆ వీడియో భర్త చేతికే ఇచ్చి చూడమన్నారట. అతను ఇంటికొచ్చి, బట్టలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. కూతురు చదువు మానేసి నందిగామలోనే బట్టల కొట్లో చేరింది.

నేను కరుణమ్మ ఇంటికి వెళ్లాను. మధ్యాహ్నం. తలుపు తీసి, లోపలికి రమ్మని కుర్చీ వేసింది. తను గడప దగ్గర కూర్చుంది.

"పొరపాటున పడిందా అమ్మా, నా మొహం?"

తిట్టి ఉంటే నిజం చెప్పేదాన్నేమో. ఆమె అలా అడగడంతో నాకు తప్పించుకునే దారి దొరికింది.

"అవును కరుణమ్మా. ఎడిటింగ్ చేసే అబ్బాయి కంగారులో ఒక ఫైలు బదులు ఇంకోటి పంపేశాడు."

లేచి నాకు మంచినీళ్లు తెచ్చింది.

"పోన్లెండి, కావాలని చేస్తాడా ఏంటి. ఆ అబ్బాయినేం అనమాకండి. నా పనెట్టాగూ పోయింది, పాపం అతన్ని పన్లోంచి తీసెయ్యమాకండమ్మా."

తలూపాను. ఆ నీళ్లు తాగాను. ఇది కూడా మీకు చెప్పాలి. మొత్తం తాగాను.

ఆ అబద్ధాన్నే తరవాత అందరికీ చెప్పాను. ఆ మాట ప్రసాదు చెవిన పడింది. మర్నాడు ఆఫీసు తాళాలు నా బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. ఇప్పుడు పెళ్లి వీడియోలు చేసుకుంటున్నాడని విన్నాను. మా కంపెనీ బాగానే ఉంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు పాఠాలు కూడా చెబుతున్నాను, మనల్ని నమ్మి మాట్లాడినవాళ్లను ఎలా కాపాడుకోవాలో. వాళ్లు శ్రద్ధగా రాసుకుంటారు.

కరుణమ్మ ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటోంది, మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తోంది. ఇల్లెక్కడో నాకు తెలుసు. హైదరాబాదు వెళ్లేటప్పుడు నందిగామ రాగానే ఫోన్లోకి తల దించుకుంటాను. వెళ్లి చెప్పాలా? చెబితే ఆమెకు ఒరిగేదేముంది? ఏదో పొరపాటులే అని సర్దిచెప్పుకుని బతుకుతున్న మనిషి దగ్గర ఆ కాస్త ఊరటా లాక్కోవడం కాదా? లేక ఇది కూడా, వెళ్లకుండా ఉండటానికి నేను తయారుచేసుకున్న జవాబేనా?

ఇంతవరకూ రాసి ముందు ప్రసాదుకు పంపాను. చదివాడని ఫోను చూపిస్తోంది. జవాబివ్వమని అడిగే ముఖం నాకు లేదు. కరుణమ్మ దగ్గరకు ఇంకా వెళ్లలేదు. వెళ్తానని మీకు మాటివ్వను. నా మాట విలువెంతో మీరిప్పుడే చూశారు.

ఆ పని చేసింది నేను. తెలిసే చేశాను. ఇంత చిన్న మాట బయటికి రావడానికి ఏడేళ్లు పట్టింది.