బావ కాలు చెప్పిన మాట

మా బావకు అసూయ ఎక్కువ. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్నెవరూ నిలదీయకూడదు. పక్కింటావిడ కూర బాగుందని అక్క అంటే చాలు, ఆ పూట ఆయనకు ముద్ద దిగదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, పనిలో మాత్రం వంక పెట్టలేం. వీధిగదిలో కుట్టుమిషన్ ముందు కూర్చుంటే ఆయన కాలు పొద్దుగూకేదాకా ఆగదు.

అక్క స్కూలు వ్యాను నడుపుతుంది. వ్యాను పాతది, రిపేర్లన్నీ ఇంటిముందే తానే చేసుకుంటుంది. బ్రేకు పైపుల్లోకి గాలి చేరిందంటే పెడల్ మెత్తబడిపోతుంది, ఎంత తొక్కినా బండి ఆగదు. ఆ గాలి తీయడానికి ఇద్దరు కావాలి. బావ సీట్లో కూర్చుని పెడల్ తొక్కిపట్టేవాడు, అక్క చక్రం వెనక పడుకుని స్క్రూ వదులు చేసేది. "పట్టండి!" అంటే పట్టాలి. మళ్ళీ స్క్రూ బిగించి "వదలండి!" అనేదాకా కాలు తీయకూడదు, తీస్తే బయటి గాలి లోపలికి పోతుంది. బావ ఎన్నడూ ముందు తీయలేదు. చివర్లో "ఎలా ఉంది?" అని అక్క అడిగేది. "గట్టిపడింది" అని ఆయనంటే అంతే, చక్రాలు బిగించి పిల్లల కోసం బయల్దేరేది. తాను ఒక్కసారి తొక్కి చూసుకున్న పాపాన పోలేదు. మిషన్ తొక్కే కాలికి వెంట్రుకవాసి తేడా కూడా తెలుస్తుందని ఆవిడ నమ్మకం. "మా ఆవిడ బండికి బ్రేకులు నేనే" అని బావ వీధంతా చెప్పుకునేవాడు.

మొన్నామధ్య బ్రేకు సామాన్లు మార్చినప్పుడు, స్పేర్ పార్టుల షాపతను ఒక చేతిపంపు పట్టుకొచ్చాడు.

"దీన్ని స్క్రూకి తగిలించి లాగితే చాలు మేడమ్. తొక్కే మనిషే అక్కర్లేదు."

"అబ్బ, ఎంత సుఖం!" అంది అక్క.

కిటికీ పక్కన బావ సూది ఆగిపోయింది. "విన్నావట్రా? పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. మేడమట, మేడమ్!"

"నడుం పట్టేస్తోందని నువ్వే కదా బావా ప్రతిసారీ గొణుగుతావు?"

"నోర్ముయ్. నా నడుం, నా ఇష్టం."

బయట అక్క ఆ పంపు లాగుతూ చిన్నపిల్లలా మురిసిపోతోంది. పంపుకున్న సీసాలోకి బుడగలు వస్తుంటే "చూడు, చూడు" అంటోంది. లోపల ఈయన కళ్ళలో నిప్పులు పోసుకుని అటే చూస్తూ, ఎవరిదో కొత్త చొక్కాకు జేబు తలకిందులుగా కుట్టేశాడు.

"అయిపోయింది మేడమ్. తొక్కి చూడండి" అన్నాడు షాపతను.

"నేనెందుకు? ఏవండీ! ఒక్కసారి రండి."

బావ కాలరు సర్దుకుని మరీ వెళ్ళాడు. నేను వ్యాను తలుపు పట్టుకున్నాను. ఆయన తొక్కాడు. పెడల్ సగంలోనే రాయిలా ఆగిపోయింది, నా కళ్ళారా చూశాను. బావ పెడల్ వంక చూడలేదు, షాపతని వంక చూశాడు.

"మెత్తగా ఉంది" అన్నాడు.

"ఛ, ఉండదే! నన్నొకసారి తొక్కనివ్వండి."

"అక్కర్లేదు బాబూ" అంది అక్క. "ఆయన కాలు చెప్పిందంటే అంతే. పిల్లలెక్కే బండి ఇది. మళ్ళీ మొదట్నుంచి చేద్దాం."

అప్పుడే తుడుచుకున్న చేతులతో మళ్ళీ స్పానర్ తీసుకుంది. నడుం పట్టుకుని, మూలుగుతూ, చక్రం వెనక్కి వంగింది.

బావ గెలిచాడు. కానీ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఆగవే" అన్నాడు. "గట్టిగానే ఉంది."

"మరి మెత్తగా ఉందన్నారు?"

"కడుపుమంట. వాడి పంపు చూస్తే కడుపు మండిపోయింది. అందుకే అన్నాను."

నేను పగలబడి నవ్వాను. అక్క కూడా నవ్వుతుందనుకున్నాను, లేదా నాలుగు చీవాట్లు పెడుతుందనుకున్నాను. ఆవిడ రెండూ చేయలేదు. "దిగండి" అంది. తానెక్కి కూర్చుని, చెప్పు విడిచి, పెడల్ తొక్కింది. ఇంకోసారి తొక్కింది. "ఆఁ, గట్టిగానే ఉంది" అని తనలో తాను అనుకుంది.

ఆ పంపు ఇప్పుడు మా ఇంట్లో లేదు. అక్కే తిరిగిచ్చేసింది. మళ్ళీ పాత పద్ధతే, బావే తొక్కుతున్నాడు. "గట్టిపడింది" అంటాడు. "సరే" అంటుంది అక్క. ఆయన దిగాక తానెక్కి, ఒకసారి తొక్కి చూసుకుంటుంది. అప్పుడు బావ అక్క కాలి వంక ఒక చూపు చూస్తాడు. ఆ పంపు వంక కూడా అలా చూడలేదు.