పిట్టల తొట్టికి తూము

మీరిప్పుడు చదవబోయేది ఒక మహాగాథ. ఇందులో పడిపోయిన కుడి భుజంతో ఒక వీరుడున్నాడు. రాయిలోంచి దేవుళ్లను బయటికి తీసే శిల్పి ఉన్నాడు. ఆకాశం నుంచి దిగివచ్చే నల్లటి శత్రువున్నాడు. నీళ్ల కోసం ఎండాకాలమంతా సాగిన యుద్ధం ఉంది.

అంత లేదులెండి. వీరుడు మా నాయన. శత్రువు ఒక కాకి. యుద్ధం ఒక గుడ్డపేలిక కోసం. యుద్ధభూమి నంద్యాలలో మా ఇంటి వెనక, బట్టలుతికే బండకూ మునగచెట్టుకూ మధ్య ఉన్న జాగా.

మా నాయన నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సు నడిపేవాడు. సర్వీసు ఇంకా మిగిలి ఉండగానే ఒక చలికాలం పొద్దున గడ్డం గీసుకుంటూ చేతిలో రేజరు జారవిడిచాడు. దాన్ని తీసుకోవడానికి వంగి, మళ్లీ లేవలేదు. పక్షవాతం. కుడి కాలు సగం, కుడి చెయ్యి మొత్తం, మాట ముప్పాతిక పోయాయి. కాలు మెల్లగా తిరిగొచ్చింది. మాటలు ఒకటొకటిగా వచ్చాయి, వాటిలో ముందు వచ్చినవి తిట్లు. చెయ్యి మాత్రం రాలేదు. మా అమ్మ తెలుగు టీచరు. ఆసుపత్రి వరండాలో కూడా ఆమెను ఆపలేకపోయాం. "పక్షమంటే ఒక పక్క అని. రెక్క అని కూడా అర్థముందిమ్మే," అంది నాతో. మంచం మీది నుంచి నాయన విన్నాడు. "రెక్కే... పాయ," అన్నాడు. మా వైపు చేతిని రెక్కే అంటాం కాబట్టి ఆయన కవిత్వమేమీ చెప్పలేదు, సంగతి చెప్పాడంతే.

బండి నడిపిన మనిషికి కూర్చోవడం కొత్త కాదు. కూర్చున్న చోటు కదలకపోవడం కొత్త. వెనక గది కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఎడమ కాలితో పొద్దస్తమానం నేల మీద క్లచ్చు తొక్కేవాడు. ఎడమ చేత్తో కుర్చీ చేతిని గేరు రాడ్డులా ముందుకూ వెనక్కీ తోసేవాడు. క్లచ్చూ గేరూ మిగిలాయి, స్టీరింగు దగ్గరే లోటు. ఫ్యాను వెయ్యమనేవాడు, తీసెయ్యమనేవాడు, కిటికీ తెరవమనేవాడు, తెరిచాక ఎందుకు తెరిచావని కసిరేవాడు.

నేనూ తక్కువదాన్ని కాదు. నంద్యాలలో బ్యాంకు పరీక్షలకు చదవని జీవులు గేదెలొక్కటే. ఒకసారి రాసి తప్పి, మళ్లీ కోచింగుకు పోతూ, ఇంట్లో ఉన్నంతసేపూ పుస్తకం పట్టుకుని అటూ ఇటూ తిరిగేదాన్ని. రైలు ప్లాట్‌ఫారం దాటడానికి ఎంతసేపు పడుతుందో లెక్క తేలేలోపు నేను వరండాను చాలాసార్లు దాటేసేదాన్ని. అమ్మ బడి నుంచి వచ్చి మమ్మల్నిద్దరినీ చూసి, "ఈ ఇంట్లో ఒక చోట నిలబడేది గోడలొక్కటే," అనేది.

ఫిజియో మేడం వచ్చి నాయన చేతిలో ఒక రబ్బరు బంతి పెట్టింది. "చూడన్నా, ఈ కొన్ని నెలలే. ఇప్పుడు వాడకపోతే ఆ చెయ్యి ఇంక అంతే. మల్ల నువ్వు పిలిచినా రాదు," అని చెప్పి పోయింది. వచ్చినప్పుడల్లా, "బాలు పిసుకుతాండావా?" అని అడిగేది. "పిసుకుతాండా," అనేవాడు నాయన. బంతి మంచం కింద దుమ్ము పట్టి ఉండేది. నేను తీసి ఇస్తే, "నేనేమన్నా పసిపిల్లోన్నా?" అనే అర్థం వచ్చేలా మళ్లీ దొర్లించేవాడు. అమ్మ ప్రార్థన చేసి చూసింది, బతిమాలి చూసింది, బియ్యంలో చెయ్యి పెట్టించి చూసింది. నెలలు పోతున్నాయి. చెయ్యి ఒడిలో అరువు తెచ్చిన వస్తువులా పడి ఉండేది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం నాయన కిటికీలోంచి చూస్తూ గట్టిగా, "నీళ్లు!" అన్నాడు. స్పష్టంగా వచ్చిన మాట. మేం పరుగెత్తాం. నేను గ్లాసు తెచ్చాను, అమ్మ చెంబు తెచ్చింది. ఆయన ఎడమ చేత్తో గ్లాసును తోసేశాడు. "నాకు గాదు... పిట్టకు!" ఉతికే బండ పక్కన ఒక గోరింక ముక్కు తెరుచుకుని, రెక్కలు సడలించి, ఎండిన కాలువలోకి చూస్తూ నిలబడి ఉంది. ప్లాస్టిక్ డబ్బా మూతలో నీళ్లు పెట్టాను. గోరింక ముక్కు ముంచి తాగినంతసేపు నాయన ఎడమ కాలు క్లచ్చు తొక్కలేదు. అమ్మ అది నాకు కళ్లతో చూపించింది.

మర్నాడు కుక్క మూత ఎత్తుకుపోయింది. స్టీలు గిన్నె పెడితే గాలికి బోర్లాపడింది. మట్టి మూకుడు మా అమ్మ కాలు తగిలి పగిలింది. నాయన క్లచ్చు మళ్లీ మొదలైంది. "రాయి," అన్నాడు. కాసేపాగి, "ఆళ్లగడ్డ," అన్నాడు. రెండు మాటల్లో పూర్తి ఆర్డరు.

కోచింగు ఎగ్గొట్టి ఆళ్లగడ్డ బస్సెక్కాను. అక్కడ శిల్పుల షెడ్లు మీరు చూసే ఉంటారు. దుమ్ములో సగం పుట్టిన దేవుళ్లు, ఒక తలలేని నాయకుడు, పక్కనే నాయకుడు లేని తల. ఒక షెడ్డు ముందు నెత్తికి తువ్వాలు చుట్టుకున్న శిల్పి కనిపించాడు.

"అన్నా, ఒక రాతి తొట్టి కావాల."

"ఏంటికి పాపా?"

"పిట్టలకు!" అన్నాను. సరిగ్గా అప్పుడే పక్కన ఇంకొకాయన నంది మూపురం మీద కోత మిషను పెట్టాడు. నా మాట దుమ్ములో కలిసిపోయింది.

"ఎట్ల ఉండాల?" అని ఈయన అరిచాడు.

"గుండ్రంగా! కింద పీట మాదిరి, పైన గుంత! దాంట్లో నీళ్లు పోస్తాం!"

"దినామూనా?"

"దినామూ! పొద్దున్నే!"

ఆయన కళ్లలో నా మీద గౌరవం పెరగడం చూశాను. పిట్టలంటే ఇంత ప్రేమ ఉన్న మనుషులు ఇంకా ఉన్నారే అనుకున్నాను. "నిష్టగా చేయాల పాపా, మధ్యలో ఇడ్సిపెట్టకూడదు," అన్నాడు. "ఇడ్సిపెట్టమన్నా," అన్నాను. ఇద్దరమూ ఒకరి మీద ఒకరం మంచి అభిప్రాయంతో విడిపోయాం.

కొన్నాళ్లకు ట్రాలీ ఆటోలో తొట్టి వచ్చింది. పెరట్లో పరిచి ఉన్న బేతంచెర్ల నాపరాయి మీద దించి గోనెపట్టా విప్పాం. నల్లటి రాయి. అంచు చుట్టూ తామర రేకులు. మధ్యలో నున్నటి గుంత. ఒక పక్కకు పొడుచుకువచ్చిన ముక్కు, దానికి గుంత లోంచి బయటికి బొటనవేలు పట్టేంత తూము.

మా అమ్మ చర్చిలో పాటలు పాడే మనిషి. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "ఇదేందిమ్మే? పానవట్టం కాదా ఇది?"

అవును. శివలింగం కింద ఉండే పీఠం. అభిషేకం నీళ్లు పక్కకు జారిపోవడానికే ఆ ముక్కు. నేను బిందెడు నీళ్లు పోశాను. తొట్టి ఏ లోపమూ లేకుండా పని చేసింది. నీళ్లన్నీ మునగచెట్టు మొదట్లోకి పోయాయి.

శిల్పికి ఫోన్ చేశాను. "అన్నా, దీనికి తూమేందీ?"

"నీళ్లు పోస్తామంటివే. పోసిన నీళ్లు యాడికి పోవాల మల్ల?"

"యాడికీ పోకూడదన్నా. పిట్టలు తాగాల."

అవతల మిషను ఆగింది. "పిట్టలా?"

"పిట్టలే."

"అట్లయితే నీళ్లు పెడతాం అనాల పాపా. పోస్తాం అంటే దేవునికే." కొంచెం నొచ్చుకున్నట్టుగా, "లింగం కూడా ఏర్పాటు చేసి పెట్టినానే," అన్నాడు.

అమ్మ పక్కనే నిలబడి అంతా విని తీర్పు చెప్పింది. "ఆయన తప్పేం లేదు. నీ క్రియాపదమే తప్పు."

తూములోకి ఒక గుడ్డపేలిక కుక్కి నీళ్లు నింపాను. మర్నాడు పొద్దున చూస్తే నీళ్లలో ఒక ఎర్ర మందారం తేలుతోంది, అంచుకు కుంకుమ బొట్టు. ప్రహరీ అవతలి పెద్దమ్మ పని. అదేరోజు సాయంత్రం మా పాస్టరు అయ్యగారు నాయన కోసం ప్రార్థన చేయడానికి వచ్చాడు. అమ్మ హడావిడిగా తొట్టి మీద బట్టల టబ్బు బోర్లించింది. ప్రార్థన ముగిసింది. అయ్యగారు కిటికీలోంచి చూసి, "ఏందమ్మా ఆడ మూసిపెట్టినారు?" అని అడిగాడు.

"పిట్టలకు నీళ్లయ్యగారూ," అంది అమ్మ.

"మూసిపెడితే ఎట్ల తాగుతాయమ్మా?" అని ఆయనే పోయి టబ్బు ఎత్తాడు. మందారాన్ని కాసేపు చూశాడు. "పిట్టలకు పూలు కూడా పెడ్తాండారా?"

కుర్చీలోంచి ఒక వింత శబ్దం వచ్చింది. మేం భయపడి తిరిగాం. నాయన నవ్వుతున్నాడు. నోరు ఒక పక్కకే పోయింది కానీ నవ్వే. పెద్దమ్మకు సంగతి చెబితే ఆమె నవ్వలేదు. "ముందే చెప్పొద్దా? నా పూలు ఊరికే పాయె," అని లోపలికి పోయింది.

అన్ని మతాల వాళ్లూ తప్పుకున్నాక పిట్టలు రావాలి. వచ్చింది కాకి. ఎక్కడిదో కోడి ఎముక తెచ్చి నీళ్లలో నానేసుకుని తిని పోయింది. మళ్లీ వచ్చి తూములోని పేలికను చూసింది. తల అటు వాల్చి, ఇటు వాల్చి, ముక్కుతో పట్టి లాగింది. నీళ్లు పోతుంటే అంచు మీద నిలబడి చూసింది. తర్వాత వచ్చిన గోరింకలు తడి రాయి మీద అటూ ఇటూ నడిచి ఎగిరిపోయాయి.

నేను మళ్లీ కుక్కాను. అది మళ్లీ లాగింది. నాయన కిటికీ ఊచ పట్టుకుని, "లాగుతాండాది! లాగుతాండాది!" అని కేకలు వేసేవాడు. దాని పుట్టుకను, దాని వంశాన్ని, చివరికి దాన్ని తోలని నన్ను తిట్టేవాడు. మాటకు మంచి సాధన. బస్సులో ఇన్నేళ్లు ఖాకీ వేసుకున్న మనిషి కాకి చేతిలో ఓడిపోతున్నాడని నేనంటే నన్ను కూడా వంశంతో సహా తిట్టాడు.

కానీ పొద్దున అమ్మ బడికి, నేను కోచింగుకు పోయేవాళ్లం. మేం లేనప్పుడు తొట్టి ఖాళీగా ఉండాలి కదా. ఒక మధ్యాహ్నం వస్తే నిండుగా ఉంది. పేలిక తూములోనే ఉంది. నాయన లుంగీ ముందంతా తడి. పెద్దమ్మ వచ్చి నింపిందేమో అంది అమ్మ. అడిగితే, "నా పూలు పోయింది చాలదా?" అంది ఆమె. మర్నాడు నేను కోచింగుకు పోయినట్టే పోయి సందులోంచి వెనక్కి వచ్చి, ప్రహరీ తలుపు సందులో నిలబడ్డాను.

కాకి లాగింది. లోపలి నుంచి తిట్లు వచ్చాయి. తర్వాత తిట్లతో పాటు మనిషీ వచ్చాడు. ఎడమ చేతిలో కర్ర. అది వదిలితే పడిపోతాడు. పేలిక తొట్టి అంచు మీద పడి ఉంది. మిగిలింది ఒక్క చెయ్యి. దాన్ని నడుముతో ఊపి తొట్టి అంచు మీదికి విసిరాడు, వల విసిరినట్టు. వంగి పేలికను రెండు వేళ్ల మధ్య ఇరికించుకోవాలని చూశాడు, జారింది, చూశాడు, జారింది. నేను తలుపు తోసి పోబోయి ఆగాను. పేలిక దొరికింది. బొటనవేలితో తూములోకి నొక్కడం మొదలుపెట్టాడు. మొహమంతా చెమట. ఫిజియో మేడం చూపించి చూపించి అలసిపోయిన నొక్కుడు అదే. తర్వాత కొళాయి పైపు తిప్పి తొట్టి నింపాడు. లోపలికి పోయి కుర్చీలో కూలబడి కాకి కోసం ఎదురుచూశాడు. నేను ఏడవలేదు. దోమలు కుడుతున్నాయి, అక్కడ నిలబడటమే కష్టం.

ఆ వారం మేడం వచ్చి వేళ్లు పట్టి చూసింది. "ఏమన్నా, బాలు బాగా పిసుకుతాండావే!"

నాయన నా వైపు చూశాడు. "పిసుకుతాండా," అన్నాడు.

ఇంతలో శిల్పి ఫోన్ చేశాడు. "పాపా, నాకు నిద్ర పడతాండలా. రాతిపొడి, అతికే మందు తెచ్చి ఆ తూము మూసి పోతా. దుడ్లేమీ వద్దు. రేపు రాల్నా?"

నాయన వింటూనే ఉన్నాడు. "రమ్మను. మూయించు. గోరింకలకు... నీళ్లు నిలబడాల," అన్నాడు. ఆయనకు కావలసింది చెయ్యి కాదు, గోరింకలు. మాకు కావలసింది చెయ్యి.

నేను ఫోన్ పట్టుకుని వరండాలోకి నడిచాను. "వద్దన్నా. ఆ తూము ఉండనీ."

"పిట్టలు తాగుతాండాయా మరి?"

"తాగుతాండాయన్నా. వాటికంటే ముందు కాకి తాగుతాండాది."

లోపలికి వచ్చి, శిల్పికి ఇప్పుడు తీరిక లేదంట అని చెప్పాను. "పండగల ఆర్డర్లంట," అని, నేను చూసిందంతా ముందే విని ఉన్న అమ్మ వెంటనే అందుకుంది, ఏ పండగో చెప్పకుండా. నాయన మా ఇద్దరినీ చూశాడు. ఎడమ కాలు రెండుసార్లు నేలను తొక్కింది.

అప్పటి నుంచి ఆ శిల్పికి తీరికే లేదు. నాయన రోజుకు ఎన్నోసార్లు లేస్తాడు. బొటనవేలూ పక్కన రెండు వేళ్లూ ఇప్పుడు చెప్పినట్టు వింటాయి. మిగతా రెండూ వినవు. చొక్కా గుండీలు అమ్మే పెడుతుంది. బస్సు ఇక నడపలేడు, అది ఎవరమూ మాట్లాడుకోం. నేను పరీక్ష మళ్లీ రాశాను, ఫలితం రాలేదు, వరండా అరుగుతోంది.

తూములో ఆయన పాత ఖాకీ చొక్కా ముక్క పెడితే ఈ కథకు ఎంతో బాగుండేది. పెట్టి చూశాం కూడా. అది టెరికాట్, నీళ్లు తగిలితే జారిపోతుంది. నూలు లుంగీ ముక్క అయితేనే నాని ఉబ్బి, తూములో నిలుస్తుంది.