విమానంలో దూది

ఆ రోజుల్లో సర్కారు విమానం ఎక్కగానే ప్రయాణికులకు రెండు ఇచ్చేవారు: చప్పరించడానికి పిప్పరమెంట్లు, చెవుల్లో పెట్టుకోవడానికి దూది. హైదరాబాద్ నుంచి బొంబాయి వెళ్తుంటే నా పక్క సీటులో ఆదిలాబాద్‌లో పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లు యజమాని భార్య కూర్చుంది. భర్తకు బొంబాయి ఆసుపత్రిలో ఆపరేషనట. ఎయిర్‌హోస్టెస్ తెచ్చిన పళ్లెం చూసి ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

“దూది పీనుగకు పెడ్తరు బిడ్డా. ఆయన పానం మీదికొచ్చి పండుకుంటే నేనెట్ల పెట్టుకుంట?”

గాలి ఒత్తిడి సంగతి వివరించి, కనీసం పిప్పరమెంటు చప్పరించమన్నాను.

“ఆయన్ని సూసినంకనే ఏదన్న తింట.”

విమానం దిగుతున్నంతసేపూ రెండు చెవులూ పట్టుకుని వంగిపోయింది. బయట ఆమె మరిది ఏడుస్తూ ఎదురొచ్చాడు.

“వదినె, అన్న పోయిండు.”

ఆమె నావైపు తిరిగింది. “ఏమంటుండు బిడ్డా? చెవులు మూస్కపోయినయ్, ఇనబడ్తలేదు.”

మరిది మళ్లీ చెప్పలేకపోయాడు. ఆ మాట నేనే గట్టిగా చెప్పాల్సి వచ్చింది.