మిరప గోతాల కింద ఇద్దరం

ముందే చెప్తున్నాను, నా మాటల్లో సగం తరుగు తీసేసి వినండి. మా ఇంట్లో పిల్లి ఈనితే పులి ఈనిందని ఊరంతా చాటే రకం నేను.

కరోనా లాక్‌డౌన్ నాటికి మా అమ్మాయి తొలికాన్పుకని కోడుమూరులో మా ఇంటికి వచ్చి ఉంది. దాన్ని చూసుకోవాల్సిన తల్లేమో నాతోపాటు హైదరాబాదులో ఇటుకలు మోస్తోంది. ఊరికి బయల్దేరదామనుకున్న వారంలోనే బస్సులు ఆగిపోయాయి. మేం ఖాలా అని పిలిచే పక్కింటి పెద్దామె ఫోన్ చేసింది.

"నొప్పులు మొదలైనట్లుండాయి. అమ్మ యాడ, అమ్మ యాడ అని ఒకటే ఏడుస్తాండాది."

కర్నూలు నుంచి తెచ్చిన మిరపకాయలు హైదరాబాదులో దించి ఖాళీగా తిరిగిపోతున్న లారీ దొరికింది. డ్రైవరు మా వైపు మనిషే.

"గోతాల కింద దూరండప్పా. కర్నూలు బ్రిడ్జికాడ చెక్‌పోస్టు ఉండాది. మీరు కనబడితే వెనక్కన్నా తోల్తారు, క్వారంటైన్‌కన్నా ఏస్తారు."

టార్పాలిన్ కింద మూడు సూర్యుళ్లు. మిరపఘాటుకు పైన ఎగిరే కాకులు దారి మార్చుకున్నాయి. నా ముక్కు గుమ్మడికాయంత అయింది. కొంగు నోట్లో కుక్కుకున్న నా భార్య ఒక్కసారి దాన్ని తీసి, నా చెవిలో అంది:

"తుమ్మినావంటే చంపుతా. బిడ్డ నాకోసరం చూస్తాండాది."

లారీ ఆగింది.

"లోపల ఏముండాది?"

"ఖాళీ గోతాలు సార్."

"కదులుతాండాయే?"

"గాలికి సార్."

"యాడిదప్పా గాలి? చెట్టుమీద ఆకు కదలడంల్యా."

కానిస్టేబుల్ పైకెక్కాడు. మహానంది నంది లేచివచ్చి నా వీపు మీద నిలబడ్డట్టయింది. పక్కనే నా భార్య ఊపిరి వినిపించడం మానేసింది. ఆయన ఒక గోతం ఎత్తి దులిపాడు. అంతే, ఆయనకు పదకొండు తుమ్ములు!

"ఏమయ్యా, నీకూ తగులుకున్యాదా?" కిందనుంచి పైఅధికారి అరిచాడు.

"ఏంల్యా సార్! ఖాళీ బండి, పోనీయండి!" అని ఆయన కిందికి దూకాడు. పొద్దు గూకేలోపు నా భార్య మనవరాలిని ఎత్తుకుంది.

ఇక కల్పించింది ఏదో చెప్పాలి. కానిస్టేబుల్ తుమ్మలేదు. గోతం దులపనూలేదు. తుమ్మింది నేను. ఒక్కటే తుమ్ము.

మా ఇద్దరినీ దించి, దగ్గర్లో ఒక బడిలో పద్నాలుగు రోజులు పెట్టారు. నా భార్య నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే అది కూడా పెంచి చెప్పుకునేవాణ్ణి. మనవరాలు ఆ రాత్రే ఖాలా చేతుల్లోకి వచ్చింది. మేం ఇల్లు చేరేసరికి దాని బొడ్డు కూడా ఊడిపోయింది.